ఆటలో వేసిన ఒట్టు

నరసరావుపేట,
సోమవారం.

ప్రియమైన సాజిదాకు,

బళ్ళో నేర్పినట్టు "ఉభయ కుశలోపరి" అని మొదలుపెడితే నువ్వు నవ్వుతావు. అందుకే నేరుగా విషయంలోకి వస్తున్నాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. మొన్న చేశాను కదా. నేను మాట్లాడినంతసేపూ నువ్వు "ఏమే, నోట్లో నీళ్ళు పోసుకున్నావా, గట్టిగా చెప్పు" అని అరుస్తూనే ఉన్నావు. స్పిన్నింగ్ మిల్లు మోతకు నీ చెవులు మందగించాయి. నాకేమో దేవుడు గొంతే ఇవ్వలేదు. మనిద్దరికీ ఉత్తరమే సరి.

మా వీధి సుందరి టీచర్ నీకు తెలుసు. డ్రాయింగ్ చెబుతుంది, గంట కొట్టినట్టు మాట్లాడుతుంది. ఆమె, రైల్వేలో రిటైరైన వాళ్ళాయన మస్తాన్‌రావు అన్నయ్య ఆదివారాలు మేడ మీద గదిలో ఒక ఆట ఆడుతుంటారు. పాత కథ అయిపోయిందట, ఆడేవాళ్ళు బదిలీ మీద వెళ్ళిపోయారట. ఇప్పుడు కొత్త కథ మొదలుపెట్టాలి, ఇంకో ఇద్దరు కావాలని నన్ను పట్టుకుంది.

ఇది గవ్వలాట, వైకుంఠపాళీ లాంటిది కాదు. గెలవడం, ఓడడం లేవు. బల్ల చుట్టూ కూచుని, లేని రాజ్యం ఒకటి ఉందనుకోవాలి. అందులో మనం ఒక్కొక్కరం ఒక్కో మనిషి. కథ నడిపేది సుందరి. "ఏటి ఒడ్డుకొచ్చారు, పడవ లేదు, ఏం చేస్తారు?" అంటుంది. మన మనిషి ఏం చేస్తుందో మనం చెప్పాలి. అవుతుందో కాదో తేలని చోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. గట్టి నియమం ఒక్కటే ఉంది. బల్ల దగ్గర ఒకరు చెప్పి మిగతావాళ్ళు ఒప్పుకున్నది ఆ లోకంలో జరిగిపోయినట్టే. తర్వాత దాన్ని ఎవరూ తుడిచేయడానికి లేదు.

అందులో రాక్షసులు, మంత్రగత్తెలు ఉంటారని విని మొదట వద్దన్నాను. కోటప్పకొండ వెళ్ళి స్వామికి దణ్ణం పెట్టుకుని వచ్చాక మనసు కుదుటపడింది. నా మనిషికి జ్యోతమ్మ అని పేరు పెట్టుకున్నాను. కోటలో దీపం కాపాడే మనిషి. స్వభావం రాయమని సుందరి ఒక కాగితం ఇస్తే "అబద్ధమాడదు" అని రాశాను. మస్తాన్‌రావు అన్నయ్య చూసి, "ఆటలో కూడా ఆడవా చెల్లెమ్మా, మరి ఎక్కడ ఆడతావు?" అన్నాడు. ఆటలోనైనా నా నోటికి రాదు, ఏం చేయను.

కానీ నువ్వొస్తేనే నేను. మీ ఆయన మీరా సాహెబ్ అన్న పోయి నువ్వు చిలకలూరిపేట వెళ్ళిపోయాక మనం కలిసి కూచున్నదే లేదు. నీ పక్కన కూచుని నీ చెవిలో చెబుతాను. నువ్వది అందరికీ గట్టిగా చెప్పు. బళ్ళో పద్యం అప్పజెప్పేటప్పుడు చేసేదానివే కదా.

నీ రాకకు ఎదురుచూసే
నాగవేణి

* * *

చిలకలూరిపేట

ఒసే నాగవేణీ,

నీ ఉత్తరం చేరింది. దయ్యాలకు భయపడి కొండెక్కావా? మా అత్త దగ్గర కాపురం చేసినదాన్ని, నన్ను అడిగితే దయ్యాలతో ఎట్లా మాట్లాడాలో నేను చెప్పేదాన్ని కదే.

వస్తాను. ఆదివారం మిల్లు లేదు, బస్సెక్కితే గంటలో నీ ముందుంటాను. కొత్త క్యాంపెయిన్ మొదలుపెడుతున్నామని సుందరి నాకూ ఫోన్ చేసింది. క్యాంపెయిన్ అంటే నేను ఎలక్షన్ అనుకుని, ఏ పార్టీ తరఫున అని అడిగాను. ఆమె గొంతు మాత్రం బాగానే వినపడుతుంది నాకు. రాక్షసులకు కూడా వినపడుతుంది.

నా మనిషి గుర్రాల దొంగ. పేరు మెరుపు. నీకు రాని అబద్ధాలన్నీ నేనాడతా, నేను చెప్పలేని నిజాలన్నీ నువ్వు చెప్పు. సరిపోతుంది. నీ గొంతు బాధ్యత నాది.

ఇంకో మాట. సాదియాకు మూడో నెల. ముందు రెండుసార్లు నిలవలేదు కాబట్టి ఎవరికీ చెప్పొద్దంది గురజాలలో వాళ్ళ అత్తగారు. "పెద్దమ్మకు మాత్రం చెప్పమ్మా, దణ్ణం పెట్టుకుంటుంది" అంది నా కూతురు. కన్నది నేను, నమ్మేది నిన్ను. చిన్నప్పుడు నీ ఒళ్ళో పడేసి మిల్లుకు పోయిన పాపం ఇట్లా తగిలింది నాకు.

నవ్వకు. నిజంగానే దణ్ణం పెట్టుకో.

నీ లౌడ్‌స్పీకరు,
సాజిదా

* * *

నరసరావుపేట,
గురువారం.

ప్రియమైన సాజిదా,

నిన్న సోమవారాల వ్రతం పుస్తకం తీస్తే అందులో నుంచి పాచిక జారి పడింది. ఎప్పుడు కొంగున ముడేసుకొచ్చానో నాకే తెలియదు. మా ఆయన చూసి "నువ్వు చెడిపోయావే" అన్నాడు. ఆయన అట్లా నవ్వి చానా కాలమైంది.

ఈ నెలలన్నీ ఎట్లా గడిచాయో. ఆదివారం వంట పదింటికల్లా ముగించి మేడ ఎక్కుతున్నాను. నేను నీ చెవిలో ఒక ముక్క అంటే నువ్వు దానికి పది కలిపి చెబుతావు. "గాయానికి ఆకుపసరు రాస్తాను" అన్నానే, దాన్ని నువ్వు "జ్యోతమ్మ అంటోంది, ఒరేయ్ గజకర్ణుడా, కుదురుగా కూచోకపోతే కాలు తీసేస్తా" అని చెప్పావు. గొడ్డలి పట్టుకుని దొరికిన ప్రతివాడితో కొట్లాడే ఆ గజకర్ణుడు మస్తాన్‌రావు అన్నయ్య కాబట్టి సరిపోయింది. నవ్వలేక కిందికి వెళ్ళి నీళ్ళు తాగొచ్చాడు. ఒక కోడి కోసం ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకున్న నేల మనది, ఆటలో మాత్రం ఎందుకు ఊరుకుంటాడు.

మొన్నటి ఆదివారం ఆట మాత్రం ఇంకా నన్ను వదల్లేదు. కోట చుట్టూ శత్రువులు. దీపం ఆరితే ఏట్లో నిద్రపోయే రాక్షసి లేస్తుంది. దీపాన్ని సొరంగంలోంచి బయటికి దాటించాలి, సొరంగం తెలిసింది మెరుపుకే. "నాకివ్వు" అన్నావు నువ్వు. నేను ఇవ్వలేకపోయాను. మెరుపు దొంగ కదా. అప్పుడు నువ్వు నా వైపు తిరిగి, ఆటలో మనిషిగా కాదు, సాజిదాగానే నా చేతిలో చెయ్యేశావు. "మా సాదియా మీద ఒట్టు. ఈ దీపాన్ని శత్రువు చేతికి నేనివ్వను" అన్నావు.



ఇచ్చేశాను. నువ్వు సొరంగంలోకి దిగేముందు నీ చెవిలో "భద్రంగా రా" అన్నాను. ఎప్పుడూ అన్నీ బయటికి చెప్పేదానివి, అది మాత్రం నీలోనే దాచుకున్నావు. నాకు ముచ్చటేసింది.

కానీ సాజిదా, ఒట్టు అట్లా వేయకుండా ఉండాల్సింది. ఎంత ఆటైనా కడుపుతో ఉన్న పిల్ల. ఇంటికొచ్చాక దీపం పెడుతుంటే అదే గుర్తొచ్చింది. వేశావు కాబట్టి నిలబెట్టుకుంటావు, నాకా నమ్మకముంది. ఇంకెప్పుడూ అట్లా వేయకు.

సాదియాకు సున్నుండలు చేసి బస్సులో పంపుతున్నాను. నెయ్యి మా ఇంట్లో కాచిందే.

ఎప్పటికీ నీ
నాగవేణి

* * *

చిలకలూరిపేట

నాగవేణీ,

సున్నుండలు అందాయి. సాదియా పురిటికి వచ్చేసింది. డబ్బా దాచుకుని నాకొకటే ఇచ్చింది. కాళ్ళు కొంచెం వాచాయి. ఈ నెలల్లో మామూలేనంట. కాన్పు మీ నరసరావుపేటలోనే చూపిస్తాం, డాక్టరమ్మ అక్కడే ఉంది కదా.

ఆదివారం వస్తాను. ఒక్క మాట ముందే చెబుతున్నా, మళ్ళీ అనకు. బల్ల దగ్గర జరిగింది బల్ల దగ్గరే వదిలేసి మెట్లు దిగాలి. అట్లా ఉంటేనే ఆట. నువ్వేమో ప్రతిదీ ఇంటికి మోసుకుపోయి దేవుడి ముందు పెడతావు. అన్నిటినీ అట్లా పట్టుకోకు.

ఆదివారం సుందరి చెప్పేదాకా నన్నేమీ అడగొద్దు. అడిగితే నేను నవ్వేస్తాను.

సాజిదా

* * *

నరసరావుపేట,
మంగళవారం.

సాజిదాకు,

ఆదివారం నుంచి కలం పట్టుకోవడం, పక్కన పెట్టడం. అక్కడ మాట్లాడలేకపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నువ్వు మడిచిన చీటీ సుందరికి ఇచ్చావు. నేను సంబరపడ్డాను, సొరంగంలో ఏదో ఉపాయం పన్నావనుకున్నాను. సుందరి చదివింది. మెరుపు సొరంగం దాటి, శత్రువుల గుడారానికి వెళ్ళి, దీపాన్ని వాళ్ళ దొర చేతిలో పెట్టింది. "నాన్నా, తెచ్చాను" అంది. మెరుపు ఆ దొర కూతురట. మొదటి ఆదివారం నుంచీ అంతేనట. నీకూ సుందరికీ తప్ప ఎవరికీ తెలియదట.

మస్తాన్‌రావు అన్నయ్య బల్ల గుద్ది, "ఓరి నీ, అదిరింది చెల్లెమ్మా" అన్నాడు. నువ్వు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వావు. సుందరి కూడా, ఇన్నాళ్ళు ఎట్లా దాచామో అని మురిసిపోయింది. ఇన్నాళ్ళూ నీ చెవిలో నేను చెప్పిన ప్రతి మాటా, కోటలో ఏ గది ఎక్కడుందో, దీపంలో నూనె ఎప్పుడు పోస్తారో, అన్నీ ఆ దొర దగ్గరికే పోయాయన్నమాట.

అది ఆట. అంతవరకు నేను సర్దుకుంటాను. దొంగ దొంగతనం చేసింది.

అందరూ నవ్వుతున్నప్పుడు నేనొక మాట అన్నాను. ఎవరికీ వినపడలేదు. నా గొంతు ఎవరికీ వినపడదు కాబట్టే నిన్ను పక్కన పెట్టుకున్నాను. నువ్వేమో అటు తిరిగి నవ్వుతున్నావు. నా వైపు చెవి పెట్టలేదు. నేనన్నది ఇది. "సాదియా మీద వేశావు కదే."

మెరుపు అబద్ధమాడితే నాకు బాధ లేదు. కానీ ఆ రోజు నా చేతిలో పడింది మెరుపు చెయ్యి కాదు. మిల్లులో దారం కోసుకుపోయిన గీతలున్న చెయ్యి. ఆ చెయ్యి నాకు తెలుసు.

నాగవేణి

* * *

చిలకలూరిపేట

నాగవేణీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివా. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి కోపమొచ్చింది.

ఏందే ఇది? నాటకంలో రావణుడి వేషం వేసినోణ్ణి దిగాక చెప్పుతో కొడతామా? మెరుపు గూఢచారి అని సుందరి మొదటి రోజే చెప్పింది. నేను ఒప్పుకున్నా. నీకు చెబితే ఇంకేం ఆట? నువ్వు దీపం ఇవ్వకపోతే కథ అక్కడే ఆగిపోయేది. ఏం చెప్పినా ఇవ్వవాయె. అందుకే వేశా ఒట్టు.

ఇంకో మాట కూడా విను, భయపడి చస్తున్నావు కాబట్టి. చిన్నప్పుడు మాకు పాఠం చెప్పిన హజ్రా బీ నేర్పిన మొదటి సంగతి అదే. అల్లా మీద తప్ప ఇంకెవరి మీదా ఒట్టు వేయకూడదు. తల్లి మీద గానీ, బిడ్డ మీద గానీ వేసింది ఒట్టే కాదు, ఉత్త మాట. అట్లా వేసినందుకు నేను తోబా చేసుకోవాలి, తప్పైందని అల్లాను క్షమాపణ అడుక్కోవాలి, అది నాకూ నా దేవుడికీ మధ్య. కానీ సాదియాకు దాంతో ఏ సంబంధమూ లేదు. చెల్లదని తెలిసే వేశా. అల్లా మీద వేయమని నువ్వు అడిగుంటే వేసేదాన్ని కాదు. వేస్తే ప్రాణం పోయినా తప్పేదాన్ని కాదు. ఇప్పుడు నీ మనసు కుదుటపడిందా?

వచ్చే ఆదివారం కోటలో రాణి సభ అంట. మెరుపు పట్టుబడిందట. నేను రాను, సాదియాను వదిలి రాలేను. దాని తరఫున సుందరే మాట్లాడుతుంది. నువ్వు సాక్షివి. ఒట్టు తప్పినదానికి ఉరి అంట ఆ రాజ్యంలో. నీకంత కోపంగా ఉంటే వేయించుకో. నాకేం పోయింది, అది కాగితం మీద బొమ్మ.

సాజిదా

* * *

నరసరావుపేట

సాజిదాకు,

మీ ధర్మంలో అట్లా ఉందని నాకు తెలియదు. మంచి మాటే. దాన్ని నేను తప్పు పట్టను.

కానీ నీకు చెల్లదని నీకు తెలుసు. నాకు చెల్లుతుందనీ తెలుసు. ఒక గోడ అవతలా ఇవతలా పెరిగాం. బిడ్డ మీద ఒట్టేస్తే మా అమ్మ ఎంత వణికేదో నువ్వు చూశావు. ఆ రెండూ తెలిసే, నీకేమీ కాని మాటను నాకు ప్రాణమంత మాటగా అమ్మావు. మెరుపు చేసింది చిన్న మోసం. అది కాగితం మీదే ఉంది.

నువ్వు షిఫ్టుకు పోతే ఆ పిల్ల నా కొంగు పట్టుకుని నిద్రపోయేది. నాకు ఇద్దరూ మగపిల్లలే. సాదియా నాకేమిటో నీకు చెప్పాల్సిన పని లేదు. ఆ పిల్లనే తీసుకొచ్చి బల్ల మీద పెట్టావు.

సభకు వెళ్తాను. చెప్పాల్సింది చెబుతాను.

నాగవేణి

* * *

నరసరావుపేట, ఆసుపత్రి నుంచి,
శనివారం.

నాగవేణీ,

మస్తాన్‌రావు అన్న చూడ్డానికి వచ్చాడు. ఆయన చేత ఇది పంపుతున్నా. నీ ఇంటికి నాలుగు వీధుల అవతలే ఉన్నా రావడానికి మొహం చెల్లడం లేదు.

సాదియాకు బీపీ పెరిగింది. నిన్న కళ్ళు మసకలు వస్తున్నాయంటే పరుగున తెచ్చాం. మందు ఎక్కిస్తున్నారు. తగ్గితే చూద్దాం, లేకపోతే ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తామంది డాక్టరమ్మ. కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. మొహం ఇంత లావున వాచింది నా బిడ్డకు. ఉంగరం తీయడానికి రాలేదు.

నాకు ఒట్ల మీద నమ్మకం లేదు. మొన్న రాసిందంతా నిజమే, ఇప్పటికీ అదే అంటా. ఐదు పూటలా నమాజు చేస్తున్నా. కానీ వార్డు బయట బెంచీ మీద కూచుంటే నీ మాటే చెవిలో మోగుతోంది. ఆ రోజు వినపడని మాట ఇప్పుడు వినపడుతోంది నాగవేణీ.

చిన్నప్పుడు ఒట్టేసి భయమేస్తే ఏమనేవాళ్ళం? ఒట్టు తీసి గట్టున పెట్టు అంటే అవతలివాళ్ళు "పెట్టాను" అనేవాళ్ళు. అంతటితో అయిపోయేది. ఆ ఒక్క మాట రాసి పంపు. నువ్వంటేనే పోతుంది. నా మీద ఎంత కోపమైనా పెట్టుకో. రేపు సభలో మెరుపును ఉరేయించుకో, ముక్కలు చేయించుకో. ఇది మాత్రం చెయ్యి.

నేను నవ్వకుండా ఉండాల్సింది.

సాజిదా

* * *

నరసరావుపేట,
శుక్రవారం.

సాదియా వాళ్ళమ్మకు,

శనివారం నీ ఉత్తరం అందింది. నువ్వడిగిన మాట రాసి పంపలేదు. ఎందుకో చెబుతాను. ఆదివారం ఏం జరిగిందో సుందరి తన పద్ధతిలో చెప్పే ఉంటుంది. నా నోటితో కూడా నువ్వు వినాలి.

ఒట్టు తీసి గట్టున పెట్టడం దాన్ని తప్పకముందే చెల్లుతుంది. తప్పిన తర్వాత ఎవరు తీసినా తీసినట్టు కాదు. విరిగిన కుండకు మూత వేసినట్టుంటుంది. మా అమ్మ అట్లాగే చెప్పేది. శనివారమంతా నేను ఆలోచించింది అదే. జరిగిపోయినదాన్ని ఈ లోకంలో మార్చలేం. కానీ ఒట్టు పడింది ఆ బల్ల దగ్గర. ఆ బల్లకు ఒక నియమం ఉంది కదా, మొదటి ఉత్తరంలో నీకు నేనే రాశాను.

ఆదివారం మేడ ఎక్కాను. నీ కుర్చీ ఖాళీగా ఉంది. సుందరి రాణిగా మాట్లాడింది. మెరుపును సంకెళ్ళతో తెచ్చి నిలబెట్టారు. సంకెళ్ళు తెచ్చింది గజకర్ణుడు. "దీపం కాపాడే తల్లీ, ఈమె ఒట్టు తప్పిందా లేదా, నువ్వు చూసింది చెప్పు" అంది రాణి.

నా మాట చెప్పిపెట్టడానికి పక్కన ఎవరూ లేరు. నేనే చెప్పాను. మస్తాన్‌రావు అన్నయ్య "ఏందమ్మా, వినపడలా" అన్నాడు. మళ్ళీ చెప్పాను. కింద నుంచి సుందరి అత్తగారు "ఎవరే అది, గొడవేంది?" అని కేకేసిందంటే, ఎంత గట్టిగా చెప్పానో నువ్వే అనుకో.

నేను చెప్పింది ఇది. "మెరుపు ఒట్టు తప్పలేదు. సొరంగంలోకి దిగేముందు దాని చెవిలో నేనొక మాట చెప్పాను. మీరెవరూ వినలేదు. నీ ఒట్టు తీసి గట్టున పెట్టాను, దీపం తీసుకెళ్ళి శత్రువుకే ఇవ్వు అని చెప్పాను. నేనే చెప్పాను."

 ఇట్లాంటి మాటకు పాచిక వేయాలి అంది సుందరి. వేశాను. ఇరవైకి నాలుగే పడింది. రాణి నమ్మలేదు. 

అప్పుడు మస్తాన్‌రావు అన్నయ్య గొడ్డలి కింద పెట్టాడు. నిజంగా గొడ్డలి ఉన్నట్టే వంగి నేల మీద పెట్టాడు. "అమ్మా రాణీ, ఈమె ఎప్పుడూ మెరుపు చెవిలోనే మాట్లాడుతుంది, అది మేమందరం చూశాం. ఆ రోజు కూడా చెవిలో ఏదో చెప్పింది, అదీ చూశాం. ఇన్నాళ్ళలో జ్యోతమ్మ నోట ఒక్క అబద్ధం మేం వినలా. ఆమె చెప్పిందంటే జరిగినట్టే" అన్నాడు.

సుందరి పాచిక తీసి పక్కన పెట్టేసింది. ఒప్పుకుంటున్నాను అంది. నీ తరఫున కూడా ఆమే ఒప్పుకుంది. నలుగురమూ అయ్యాం. కాబట్టి ఆ లోకంలో అది జరిగింది. నువ్వు తప్పకముందే నీ ఒట్టు నేను తీసేశాను. ఇక దాన్ని ఎవరూ తుడవలేరు.

మెరుపును వదిలేశారు. దీపాన్ని శత్రువుకిచ్చినందుకు జ్యోతమ్మను ఏట్లో వేశారు. రాణి మాట పూర్తి చేయలేక సుందరి చీరచెంగుతో కళ్ళు తుడుచుకుంది. నా కాగితం నాకే ఇచ్చేసింది. "అబద్ధమాడదు" అని రాసుకున్న కాగితం.

సోమవారం కొండకు వెళ్ళాను. అది ఆటలో అబద్ధం స్వామీ అని చెప్పుకుందామనుకున్నాను. గడప దగ్గరే ఆగిపోయాను. ఆటలో ఒట్టు నిజమని నీతో అంత వాదించినదాన్ని, ఆటలో అబద్ధం ఉత్తదని ఆయనతో ఎట్లా అంటాను? అబద్ధమాడాను అనే చెప్పుకున్నాను. ఆయన చూసుకుంటాడు.

మంగళవారం పొద్దున ఆపరేషన్ చేశారని, ఆడపిల్లని, తల్లీబిడ్డా క్షేమమని సుందరి చెప్పింది. ఇది నా మాట వల్ల అయిందని నేననను. డాక్టరమ్మ చేతి చలవ, నీ నమాజు చలవ. నేను చేయగలిగింది నేను చేశాను. బుధవారం నువ్వు మందుల కోసం కిందికి వెళ్ళినప్పుడు వచ్చి చూశాను. నిన్ను తప్పించుకునే వచ్చాను. పిల్లకు సాదియా నుదురే. ఏడుపు మాత్రం నీది, వార్డంతా వినపడుతోంది. "పెద్దమ్మా, నువ్వొచ్చావని అమ్మకు చెప్పనా?" అంది సాదియా. చెప్పు అన్నాను. ఇంకో అబద్ధం నాకొద్దు.

నీకోసం ఇదంతా చేశానని అనుకుంటావేమోనని రాస్తున్నాను. నీకోసం కాదు. ఆ ఒట్టులో ఇరుక్కున్నది పిల్ల, పిల్లను బయటికి తీశాను. నువ్వు చేసింది అక్కడే ఉంది. నేనన్న మాట "భద్రంగా రా" అని నీకొక్కదానికే తెలుసు. రాణికి చెప్పింది అబద్ధమని కూడా నీకొక్కదానికే తెలుసు. దాన్ని నువ్వే మోసుకోవాలి. నేను పంచుకోను.

బాలింతకు నలభై రోజులు అయ్యాక సుందరి మళ్ళీ కొత్త కథ మొదలుపెడుతుందట. కొత్త మనిషిని రాసుకోమని తెల్ల కాగితం ఇచ్చింది. ఇంకా ఏమీ రాయలేదు. నేను ఆడతాను. నువ్వు కూడా రా, వద్దనను. మన మధ్య కోపంతో వాళ్ళ ఆదివారాలు పాడుచేయడం తప్పు.

కాకపోతే నేను ఈసారి కిటికీ వైపు, నీకు ఎదురుగా కూచుంటాను. అంత దూరం నుంచి నా మాట నీకు వినపడదు. ఏం చెప్పానో సుందరిని అడుగు, ఆమె చెబుతుంది.

పిల్లకు జలుబు చేయకుండా చూసుకోండి.

సాదియా పెద్దమ్మ